తిరిగొచ్చేవి

మలికిపురంలో రొయ్యల మేత కొట్టు,
అందులో బిల్లులు రాసేది నేను.
అయిపోయిన బిల్లు బుక్కు వెనక అట్ట మీద
నా రిసెప్షన్‌కి నేనే పద్దు రాసుకుంటున్నాను.
తొంభై వేలు. నాలుగు వందల మంది.
సగం అతనిది, సగం నాది,
నా సగంలో పదమూడు వేలు
ఇంకా పాడని చీటీలో ఉన్నాయి.

వంట మేస్త్రి అబ్బులు గారు
బండి దిగకుండానే ఇరవై రెండు రకాలు చదివారు,
దండకంలాగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా.
రుమాలీ రోటీ దగ్గర నా పెన్ను ఆగింది.
పొయ్యి దగ్గర అట్టు తిప్పుతూ అమ్మ
"అది తిరిగొచ్చేద్ది, కొట్టెయ్" అంది.

పద్నాలుగేళ్ళు,
అంతర్వేది నుంచి పాలకొల్లు దాకా
ఎవరి పెళ్ళయినా వెనకవైపు నుంచే చూసింది మా అమ్మ.
షామియానా వెనక, టబ్బుల పక్కన,
గొట్టం నీళ్ళలో పాదాలు నానుతుండగా.
పెళ్ళికూతురు ఏ రంగు చీర కట్టిందో చెప్పలేదు గానీ
ఏ కూర ఎంతమంది వదిలేశారో చెప్తుంది.

"గోబీ మంచూరియా పళ్ళేనికి సగం.
సలాడ్ ఎవరూ ముట్టరు, ఆ కీరా ముక్కలు ఆవులకే.
మూడో స్వీటు కొరికి వదిలేస్తారు,
మెరకవీధి పెళ్ళిలో జీడిపప్పు పాకం
బకెట్లకి బకెట్లు కాలవలో పోసొచ్చాను.
పనసపొట్టు కూర తిరిగి రాదు.
మామిడికాయ పప్పు తిరిగి రాదు.
కోడికూరలో ఎముకలొస్తాయి, అవీ తెల్లగా."

నేను కొట్టేస్తూ పోయాను.
అబ్బులు గారి మొహం చిన్నదవుతూ పోయింది.
ఐస్‌క్రీం మీద గీత పెట్టబోతుంటే
పిండి చెయ్యి అడ్డం పెట్టింది అమ్మ.
"ఆ కప్పులు కడగక్కర్లేకుండా వస్తాయే. ఉంచు."

లెక్క ఎనభై ఏడుకి దిగింది.
నేను పెన్ను మూత పెట్టాను.
అబ్బులు గారు కిక్కు కొట్టబోతూ,
"కడగటానికి ఎలాగూ మీ జట్టే కదండీ, మంగాయమ్మ గారూ" అన్నారు.

అట్టు మాడిన వాసన.

జట్టంటే పదకొండు మంది.
వీరవేణి, దుర్గాలు పిన్ని, మోకాళ్ళు పట్టేసినా మానని సుగుణ,
పోయినేడు కొత్తగా చేరిన ఆదెమ్మ కోడలు...
అందరికీ శుభలేఖలిచ్చింది అమ్మ,
బొట్టు పెట్టి మరీ,
పేర్లు నా చేత గుండ్రంగా రాయించి మరీ.
వాళ్ళు కూర్చుంటే ఎవరు కడుగుతారు?
కడిగితే ఇక పిలిచినట్టెలా అవుతుంది?

పక్కూరి జట్టుని పెడదామన్నారాయన, మనిషికి ఆరొందలు.
"వాళ్ళకీ కూతుళ్ళుంటారు" అంది అమ్మ.
దానికీ దీనికీ సంబంధమేంటో అర్థం కాక
ఆయన నా వైపు చూశారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
చించినాడ వైపు పోయే బస్సు
హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆకులేద్దాం" అంది అమ్మ.
"రావులపాలెం నుంచి అరటాకులు.
నిలబడి తినడాలొద్దు, బంతులు వేద్దాం.
ఆకుని ఎవరూ తోమరు కదా."

రిసెప్షనంటే బఫే అండి, పాతకాలం వాళ్ళనుకుంటారు,
వడ్డనకి మనుషులు కావాలి అన్నారు అబ్బులు గారు.
మా కొట్టు కుర్రాళ్ళున్నారన్నాను.
పొద్దస్తమానం మేత బస్తాలు మోసేవాళ్ళకి
సాంబారు బకెట్టు ఒక బరువా?

ఆకులూ బల్లలూ కలిపాను.
స్టేజీ వెనక పూల గోడ డబ్బులు ఇటు తిప్పాను.
అయినా తొంభై దాటి నాలుగొందలు.
ఆ నాలుగొందలు ఎక్కడ తగ్గాలో ఇంకా తేలలేదు.

మరి డేగిసాలో, అన్నాను.
అడుగంటిన గుండిగలు, కళాయిలు, గరిటెలు,
వాటికేం ఆకులు లేవు కదా.
"రాత్రికి నానబెడతాం" అంది అమ్మ,
మాడిన అట్టు తన కంచంలోకే వేసుకుని.
"తెల్లారాక చూసుకుందాం.
ఆ రాత్రికి మాత్రం నేను ముందువైపుంటాను.

అన్నట్టు, వాళ్ళు కొన్న చీర ఏ రంగే?"